నెల్లూరు గడ్డ మీద గంటన్నర టీవీ థ్రిల్లర్: మూస ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ పగులుతుంది

మిద్దె మీద అద్దెకు దిగిన కొత్తావిడ మంచిది కాదని 15వ నిమిషానికే తెలిసిపోతుంది. ఇంటాయన ఏదో దాస్తున్నాడని 25కల్లా అర్థమవుతుంది. ఇంటావిడ మాట ఎవరూ నమ్మరు. పోనుపోనూ ఆమె మీద ఆమెకే అనుమానం మొదలవుతుంది. చివర చీకట్లో ఒక పెనుగులాట, ఆ తర్వాత పోలీసు జీపు. టీవీ కోసం తీసే సైకలాజికల్ థ్రిల్లర్ల వరస ఇదే. ఇంత తెలిసీ చూసేవాళ్ళు చానల్ మార్చరు.

ఒక ఇల్లు, ఆరుగురు నటులు, రెండు వారాల షూటింగు మాత్రమే చేతిలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే నమ్మకమైన చట్రం దొరకదు. కాకపోతే ఆ చట్రం దేని తర్వాత ఏది జరగాలో మాత్రమే చెబుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. ఆమె ఎందుకు ఎవరికీ చెప్పదు, ఇల్లు వదిలి ఎందుకు పోదు, ఊళ్ళోవాళ్ళు ఎందుకు నమ్మరు, అవతలి మనిషికి ఇంత కష్టపడాల్సిన పనేంటి? ఈ నాలుగింటికీ జవాబులు రాసేవాళ్ళే వెతుక్కోవాలి. అవి లేకుండా సీన్లు పేర్చుకుంటూ పోవడం వల్లనే ఈ సినిమాలకు చెడ్డపేరు వచ్చింది. నెల్లూరు, ఒంగోలు వైపు కథ పెట్టి ఇక్కడే తీయాలనుకునేవాళ్ళు ఆ జవాబులు ఎక్కడ వెతకాలో, షూటింగులో ఏం చూసుకోవాలో కింద ఉంది.

ముందు నిమిషాల లెక్క

1969లో అమెరికాలో ఏబీసీ చానల్ వారం వారం కొత్త టీవీ సినిమా వేయడం మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన స్లాటు 90 నిమిషాలు. ప్రకటనలు పోగా సినిమాకు మిగిలింది 75 నిమిషాలకు అటూ ఇటూ. ఈ కథల నడక అలాంటి లెక్కల్లోంచే పుట్టింది. మన దగ్గర కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు. అందులో 10 వ్యాపార ప్రకటనలకు, 2 చానల్ సొంత ప్రచారానికి. రెండు గంటల స్లాటులో 24 తీసేస్తే 96. పేర్లకూ, చివరి నిమిషం కత్తిరింపులకూ 6 వదిలిపెట్టుకుంటే సినిమాకు 90.

ఈ 90 నిమిషాలను ఏడు ముక్కలు చేయండి. సమానంగా చేయొద్దు. మొదటి ముక్క 20, తర్వాత 14, 13, 12, 12, 10, చివరిది 9. మొదటి 20 నిమిషాలు బ్రేకు లేకుండా నడిస్తే చూసేవాళ్ళు కథలో కూర్చుంటారు. చివర ముక్కలు చిన్నవైతే ఊపిరి వేగం పెరుగుతుంది. యూట్యూబుకో ఓటీటీకో తీసినా ఈ కొలతలు వదలొద్దు, ఇంట్లో పనుల మధ్య చూసేవాళ్ళు అక్కడా ఇలాగే చూస్తారు.

ముక్క చివర వచ్చే సీను దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. భుజం మీద చెయ్యి పడుతుంది, సంగీతం గట్టిగా కొడుతుంది, బ్రేకు. తిరిగొచ్చాక చూస్తే ఆ చెయ్యి ఆడబిడ్డది. ఇది ఒక్కసారి చెల్లుతుంది, రెండోసారి చేస్తే చూసేవాడు నమ్మకం తీసేసుకుంటాడు. బ్రేకు ముందు లేపిన ప్రశ్నకు జవాబు తర్వాతి ముక్కలో కనీసం మూడు నాలుగు నిమిషాలు గడిచాకే రావాలి. ఆ జవాబు ఇంకో ప్రశ్నను వెంటబెట్టుకుని రావాలి. బీరువాలో తాళాలు లేవన్నది చిన్న ప్రశ్న. తాళాలు దొరికాయి గానీ గుత్తిలో ఒక తాళం కొత్తది అన్నది ఇంకో పది నిమిషాలు లాక్కెళ్తుంది.

చూసేవాళ్ళకూ ఆమెకూ మధ్య దూరం

ఈ కథల ఆకర్షణ అంతా ఒక్క చోట ఉంది: ఇంటావిడకంటే ముందు మనకు తెలుస్తుంది. మన భయం మన గురించి కాదు, ఆమె గురించి. పైగా అది కోటలోనో అడవిలోనో పుట్టే భయం కాదు, వంటింట్లో, మెట్ల కింద, మంచం పక్కన పుట్టేది. రోజూ మసిలే చోటు కాబట్టి గుచ్చుకుంటుంది. చివరికి మన అనుమానమే నిజమైనప్పుడు కలిగే తృప్తి చిన్నదేం కాదు. దొంగ ఎవరో చివరిదాకా దాచిపెట్టే కథలో ఆ తృప్తి ఉండదు. అందుకే మిద్దె మీద ఆవిడను దాచడానికి కష్టపడొద్దు. 20వ నిమిషం లోపల ఆమె మీద అనుమానం పడనివ్వండి.

అయితే ఈ దూరానికి గడువుంది. 20 నుంచి 60 నిమిషాల వరకు మనకు తెలిసింది ఆమెకు తెలియకపోవడం ఉత్కంఠ. 60 దాటాక కూడా తెలియకపోతే ఆమె తెలివితక్కువదైపోతుంది, చూసేవాళ్ళు విసుక్కుంటారు. నాలుగో ముక్క చివర, అంటే సరిగ్గా 59వ నిమిషం దగ్గర, ఆమెకు విషయం తెలిసిపోవాలి. అక్కడినుంచి కథ తలకిందులవుతుంది. ఇప్పుడు ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసన్న సంగతి అవతలి మనిషికి తెలియదు. మిగిలిన 31 నిమిషాలూ దీని మీదే నడవాలి. చాలా సినిమాలు ఈ మలుపును 80వ నిమిషం దాకా లాగి చివర పది నిమిషాలు పరుగులతో నింపేస్తాయి. అసలైన రుచి ఉన్న భాగాన్ని వదులుకోవడమే అది.

ఆస్తి కోసం పిచ్చిదాన్ని చేయడం: చట్టం దగ్గర పగిలే ప్లాను

ఈ మూసలో అన్నిటికంటే ఎక్కువగా వాడిన ప్లాను: ఆస్తి ఉన్న ఆడమనిషిని పిచ్చిదని నమ్మించి ఆస్తి రాయించుకోవడం. ఇది మన చట్టం ముందు నిలబడదు. 1872 నాటి ఒప్పందాల చట్టం సెక్షన్ 12 ప్రకారం, సంతకం పెట్టే సమయానికి తాను ఏం చేస్తున్నదీ అర్థం చేసుకుని, తన మేలు కీడు బేరీజు వేసుకోగల మనిషే ఒప్పందం చేసుకోగలడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 35 ప్రకారం, ఎదురుగా ఉన్న మనిషికి మతి స్థిమితం లేదని సబ్ రిజిస్ట్రారుకు కనిపించినా, ఆ మనిషి ఈ దస్తావేజు నేను రాసివ్వలేదు అన్నా రిజిస్ట్రేషన్ ఆపేయాలి. అంటే విలన్ తన ప్లానులో ఎంత గెలిస్తే ఆ కాగితం అంత పనికిరాకుండా పోతుంది. ఈ ముడి కనిపెట్టకుండా రాసిన స్క్రిప్టులు ఎన్నో ఉన్నాయి.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు, పైగా సరిచేస్తే కథ బాగుపడుతుంది. విలన్ ఆమెను పిచ్చిదాన్ని చేయకూడదు, చేతకానిదాన్ని చేయాలి. అలిసిపోయింది, మర్చిపోతోంది, లెక్కలు తప్పుతున్నాయి, పాపం ఒక్కతే ఎంతని చూసుకుంటుంది అని చుట్టూ ఉన్నవాళ్ళు అనాలి. చివరికి ఆమే స్వయంగా, నీ పేరున జీపీఏ (తన తరఫున ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే పత్రం) రాసిస్తాను, నువ్వే చూసుకో అనాలి. విలన్ నడవాల్సిన దారి ఈ రెంటి మధ్య సన్నటి గట్టు. కాస్త ఎక్కువైతే పిచ్చి, అప్పుడు సంతకం చెల్లదు. కాస్త తక్కువైతే ఆమె కోలుకుంటుంది. ప్రతి సీనులోనూ విలన్‌కు ఈ కొలత గుర్తుంటే ఆ పాత్రకు దానంతట అదే తెలివి వస్తుంది, నటించేవాళ్ళకూ పని దొరుకుతుంది.

ఒక నమూనా అనుకుందాం. పద్మ ఇల్లు కోవూరులో. తండ్రి పోయాక ఇందుకూరుపేట వైపు ఆరెకరాల రొయ్యల గుంటలు ఆమె పేరుకు వచ్చాయి. భర్త ఉద్యోగం చెన్నైలో, వారానికోసారి వస్తాడు. ఆడబిడ్డ పక్కవీధి. మిద్దె మీద అద్దెకు దిగినావిడ ఓపికమంతురాలు, లెక్కలు బాగా వచ్చు. ఆమె తమ్ముడు మేత కొట్టులో పనిచేస్తాడు, గుంటల దగ్గరికి రోజూ వచ్చిపోతుంటాడు. ఆరుగురిలో మిగిలింది గుంటల కాపలా ఆయన. ఇక మనుషులు అక్కర్లేదు.

గుంట దగ్గర ఒక రాత్రి

మూస సినిమాల్లో ఆడమనిషిని మతిమరుపుదని నమ్మించడానికి గ్యాస్ పొయ్యి వదిలేసినట్టు చేయడం, నగలు మాయం చేయడం చూపిస్తారు. రొయ్యల సాగు ఉన్న చోట అంతకంటే పదునైన ఆధారం దొరుకుతుంది. ఈ సీనును దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇందులో ప్రతి దానికీ కారణం ఉంది.

వనామి రకం రొయ్యల గుంటలో నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే మంచిది. 3 కంటే దిగితే రొయ్య ఇబ్బంది పడుతుంది, 2 దగ్గరికొస్తే చావు మొదలవుతుంది. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరిగి తీరాల్సిన సమయం అది. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. అది కూడా ఆగితే, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి తీసే రోజుకు, దగ్గరకొచ్చిన గుంటలో గంటా రెండు గంటల్లో రొయ్యలు అంచులకు చేరి పైకి తేలతాయి. తెల్లారేసరికి నెలల పెట్టుబడి గట్టు మీద ఉంటుంది.

విలన్ కరెంటు తీయాల్సిన పని లేదు. అక్టోబరు, నవంబరు గాలివానల్లో కరెంటు దానంతట అదే పోతుంది, ఆమె కాచుకుని ఉంటే చాలు. సాయంత్రం పద్మ దగ్గరుండి డీజిల్ పోయిస్తుంది. ఆ తర్వాత తమ్ముడు ట్యాంకీలోంచి తోడేస్తాడు, అడుగున 20 నిమిషాలకు సరిపడా వదులుతాడు. మూడింటికి కరెంటు పోతుంది. కాపలా ఆయన జనరేటర్ వేస్తాడు, అది కాసేపు తిరిగి ఆగిపోతుంది.

'ఏందమ్మా, డీజిల్ పోయించలేదా?'

'పోయించాను గదన్నా. నేను దగ్గరే ఉండాను.'

'మరి ట్యాంకీ ఖాళీగా ఉండాదే.'

ఇంతకంటే మాటలు అక్కర్లేదు. అరుపులు, సంగీతం ఇక్కడ వద్దు. టార్చిలైటు వెలుగు నీటి మీద పడినప్పుడు అంచున రొయ్యలు చిటచిటమని ఎగరడం చూపించి, ఆ చప్పుడు ఒక్కటే వదిలేయండి. గుంటల గురించి తెలిసినవాళ్ళకు ఆ చప్పుడే చాలు, తెలియనివాళ్ళకు పద్మ ముఖం చెబుతుంది.

ఈ ఏర్పాటులో ఇంకో లాభముంది. ఈ రోజుల్లో సీసీ కెమెరా ఏమైందని అడగనివాళ్ళు లేరు. గుంటల మీద కెమెరా ఉన్నా, కరెంటూ జనరేటరూ రెండూ ఆగాక రికార్డరు ఆగిపోతుంది. సాయంత్రం డీజిల్ తోడిన సమయం మాత్రం మిగలాలి. అది ఉందని విలన్‌కు తెలియకూడదు. 59వ నిమిషం మలుపుకు ఆ ఫుటేజి పనికొస్తుంది. కెమెరా జనరేటర్ షెడ్డు వైపు తిప్పి ఉందని మొదటి ముక్కలోనే, వేరే పని మీద, ఒకసారి కనబడాలి. గుంటలోకి వైరస్ తెచ్చి వదిలినట్టు రాయాలనిపించవచ్చు, వద్దు. తెల్లమచ్చ వైరస్ గుంటను తినడానికి రోజులు పడుతుంది, ఆ లోపల టెక్నీషియన్లు, ల్యాబు, పరీక్షలు అన్నీ వస్తాయి, ఉత్కంఠ కారిపోతుంది.

ఎందుకు నమ్మరు

విదేశీ మూసలో ఆడమనిషి ఊరికి దూరంగా ఒంటరి ఇంట్లో ఉంటుంది, చుట్టూ చెట్లు, ఫోనుకు సిగ్నల్ ఉండదు. కోవూరులోనో కావలిలోనో ఆ ఒంటరితనం ఎక్కడిది? పాలవాడు, పక్కింటి పెద్దమ్మ, చీటీల లెక్కకు వచ్చే వదిన, పొద్దస్తమానం ఎవరో ఒకరు గడపలో ఉంటారు. అందుకని చాలామంది కథను బలవంతంగా గెస్టుహౌసుకు తరలిస్తారు. అది అక్కర్లేదు. మన దగ్గర మనిషిని ఒంటరిని చేసేది జనమే. వచ్చిన ప్రతివాళ్ళూ మిద్దె మీద ఆవిడను మెచ్చుకుని పోవాలి. మేడ మెట్లు ఎక్కి దిగేవాళ్ళు పెరిగేకొద్దీ పద్మ మాట వినేవాళ్ళు తగ్గాలి.

నమ్మకపోవడానికి కనీసం మూడు ఆధారాలు పెట్టండి. వాటిలో ఒకటి నిజంగా పద్మ తప్పే అయివుండాలి. తండ్రి పోయిన నెలలో ఆమె నిజంగానే లీజు డబ్బు కట్టడం మర్చిపోయింది, నిజంగానే ఆడబిడ్డ మీద అరిచింది. మూడూ విలన్ అల్లినవే అయితే చుట్టూ ఉన్నవాళ్ళంతా మూర్ఖుల్లా కనబడతారు. ఒకటి నిజమైతే వాళ్ళ అనుమానంలో న్యాయం ఉంటుంది, పద్మ కూడా తన మీద తనకు కలిగే అనుమానాన్ని కొట్టిపారేయలేదు. ఈ ఒక్క మార్పు వల్ల స్క్రిప్టు ఎంత బలపడుతుందో రెండు రకాలుగానూ రాసి చూస్తే తెలుస్తుంది.

ఆడబిడ్డను చెడ్డదాన్ని చేయొద్దు. వదిన మీద ప్రేమ ఉండి, ఆ ప్రేమతోనే విలన్ పక్కన నిలబడే మనిషి ఆమె. 'వదినా, నీ మంచికే చెప్తా ఉండా, ఒక ఆర్నెల్లు ఆమెకు అప్పజెప్పు' అని ఆమె నోటి వెంట వచ్చినప్పుడు గుండె జారాలి. భర్తను కూడా కుట్రలో కలిపేయడం మూసలో అలవాటు. దూరంగా ఉండి ఫోనులో వినే మనిషికి ఎవరి మాట ముందు చేరితే అదే నిజం. అతనికి కుట్ర అవసరం లేదు.

జబ్బు, మందు, డాక్టరు

విలన్ చేసే పనులన్నిటికీ 'ఆమెకు మెంటల్' అని చివర ఒక్క ముక్కలో తేల్చేయడం ఈ తరహా సినిమాల్లో అన్నిటికంటే పెద్ద లోపం. కథ కూడా దాంతో చచ్చిపోతుంది, ఎందుకంటే జబ్బే కారణమైతే ఇక ప్లాను లేదు. స్కిజోఫ్రెనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటం కాదు. మానసిక జబ్బు ఉన్నవాళ్ళు ఇతరుల మీద దాడి చేయడం కంటే వాళ్ళే దాడులకు గురికావడం ఎక్కువ. విలన్‌కు డబ్బో, పాత బాకీయో, పోగొట్టుకున్న లీజో కారణంగా పెట్టండి.

భర్త ఒక సంతకం పెడితే భార్యను ఆసుపత్రిలో బంధించేసే సీను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తర్వాత చెల్లదు. రోగి ఇష్టం లేకుండా చేర్చాలంటే రోగి తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు ఉండాలి. ఇద్దరు విడివిడిగా పరీక్షించి ఉండాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు కావాలి. మొదట చేర్చుకునేది 30 రోజులకు మించదు. ఈ ఇద్దరిలో రెండో ఆయన ఒప్పుకోకపోవడం మంచి సీను అవుతుంది.

క్లోరోఫాం రుమాలు ముక్కుకు పెట్టగానే రెండు సెకన్లలో పడిపోవడం జరగదు, నిమిషాలు పడుతుంది. తలకు దెబ్బ తగిలి పోయిన జ్ఞాపకం ఇంకో దెబ్బతో తిరిగి రావడమూ జరగదు. నిద్రమాత్రల సంగతికొస్తే, ఆల్ప్రజోలమ్, జోల్పిడెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో, ఉన్నాయి. అమ్మిన కొట్టువాళ్ళు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. మాత్రలు ఇచ్చిన సీను రాస్తే ఆ రిజిస్టరు మీకు ఉచితంగా దొరికిన ఆధారం. ట్రంకు రోడ్డు మందుల షాపులో ఆ పుస్తకం పేజీ తిప్పుతుంటే తన పేరు తనకే కనబడటం, తను ఎప్పుడూ వెళ్ళని తారీఖున, ఏ పెనుగులాటకంటే భయపెడుతుంది. సినిమా చివర పేర్ల ముందు మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 వేయండి. చూసేవాళ్ళలో అవసరమున్నవాళ్ళు ఉంటారు.

విలన్ చిట్టా

స్క్రిప్టు పక్కన విలన్ పేరున ఇంకో కాగితం పెట్టుకోండి. ప్రతి సీను ఎదురుగా మూడు సంగతులు రాయాలి: ఈ సీనుకు ముందు ఆమెకు ఏం తెలుసు, ఈ సీనులో ఆమెకు ఏం కావాలి, పద్మ కెమెరా ముందు ఉన్నప్పుడు ఆమె ఎక్కడ ఏం చేస్తోంది. మూడో గడి ఖాళీగా ఉన్న చోటల్లా విలన్ అవసరమైనప్పుడు ప్రత్యక్షమయ్యే దెయ్యంలా తయారవుతుంది. కోవూరు ఇంటి నుంచి ఇందుకూరుపేట గుంటలకు పోవడానికి పట్టే సమయం కూడా ఈ చిట్టాలో ఉండాలి. పెన్న దాటి టౌను తగలకుండా పోలేరు. అర్ధరాత్రి గుంట దగ్గర కనబడిన మనిషి పది నిమిషాల్లో మిద్దె మీద పడుకుని ఉండటం ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు.

చివర విలన్ నిలబడి తన ప్లానంతా వివరించే ఉపన్యాసం ఎందుకు వస్తుందంటే, రాసినవాళ్ళు అంతవరకు ఆధారాలు చూపించలేదు గనక. డీజిల్ ఫుటేజి, మందుల రిజిస్టరు, ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) కనబడిన పాత తాకట్టు, ఈ మూడూ ముందే వచ్చి ఉంటే ఉపన్యాసంలో మిగిలేది రెండు వాక్యాలు. చచ్చిపడిన విలన్ మళ్ళీ లేచి కత్తి ఎత్తడం పూర్తిగా మానేయండి.

పతాక సన్నివేశం రెండు ముక్కలుగా విడగొడితే మేలు. ఆరో ముక్కలో, 10 నిమిషాలు, గుంట గట్టు మీద రాత్రి ప్రమాదం. చూసేవాళ్ళు దానికోసం కాచుకుని ఉంటారు, ఇవ్వాలి. గట్టు ఇరుకు, బురద జారుడు, ఏరేటర్ల హోరులో అరిచినా వినబడదు. పద్మ తప్పించుకుంటుంది, తను కనిపెట్టిన సంగతి మాత్రం బయటపెట్టదు. ఏడో ముక్క, 9 నిమిషాలు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. వేలిముద్ర, ఫొటో, సాక్షులు, అంతా మామూలుగా నడుస్తుంది. ఆడబిడ్డ సాక్షి సంతకం పెట్టడానికి పెన్ను తీస్తుంది. దస్తావేజు మీ ఇష్టంతోనే రాసిస్తున్నారా అన్న ప్రశ్న వస్తుంది. పద్మ కాదు అంటుంది. రిజిస్ట్రేషన్ అక్కడే ఆగుతుంది, ఫుటేజి ఉన్న ఫోను బల్ల మీదికి వస్తుంది. అంతమంది మధ్య, పగటి వెలుగులో, ఒక్క మాటతో. మూస అడిగే గెలుపు ఇది కూడా ఇస్తుంది.

ఒంగోలు వైపు కథ పెట్టేవాళ్ళకు

గుంటల బదులు పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది, చూడండి. టంగుటూరు, పొదిలి, కందుకూరు వైపు ఆకు కాల్చే రోజుల్లో బ్యారన్ లోపల వేడి దశలవారీగా పెంచుతారు. ఈనె ఎండే చివరి దశలో 70 డిగ్రీల దాకా పోతుంది. మనిషిని లోపల పెట్టి తలుపు వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాకపోతే ఆ రోజుల్లో పొయ్యి దగ్గర రాత్రింబవళ్ళు మనిషి ఉంటాడు, మంట వదిలేసి పోరు. ఆ మనిషిని అక్కడినుంచి తప్పించే కారణం ముందు రాయాలి. సీజన్ కాని రోజుల్లో బ్యారన్ చల్లగా ఉన్న ఖాళీ గది, అంతే. చీమకుర్తి గ్రానైటు క్వారీ మీద కథ అయితే వాటాదారుల సంతకాలు, లీజు గడువు మంచి కారణాలు. అర్ధరాత్రి పేలుడు మాత్రం పెట్టొద్దు, క్వారీ పేలుళ్ళు పగలే.

వానను కూడా లెక్క చూసి పెట్టాలి. జులై రాత్రి ఉరుములతో కుండపోత సినిమా అలవాటు. ఈ జిల్లాల్లో, ముఖ్యంగా నెల్లూరు వైపు, గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెల కథైతే ఉక్కపోత, రోహిణి ఎండ, మిద్దె మీద పడక, రాత్రి గోడలు వదిలే వేడి వాడుకోండి. నిద్రపట్టని మనిషికి అంతకంటే మంచి వాతావరణం దొరకదు. మైపాడులో, కొత్తపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సముద్రంలోకి దిగడు. సాయంత్రం అలల మీద అస్తమయం చూపిస్తే మొదటి నిమిషంలోనే పట్టుబడతారు. యాసను సీమ సినిమాల నుంచి అరువు తేవద్దు. నెల్లూరులో ఉండాడు, వస్తా ఉండా. ఒంగోలులో అట్టా, ఇట్టా, ఏంది. స్థానికంగా ఉన్న ఒక పెద్దావిడను కూర్చోబెట్టి మాటలు చదివించండి, ఆమె నోరు తిరగని చోట వాక్యం మార్చండి.

చేపల పులుసు కూడా కథకు పనికొస్తుంది. ఇక్కడ పొద్దున వండింది మర్నాటికి ఇంకా బాగుంటుందని ఉంచుకుని తింటారు. సట్టిలో ఉన్నది నిన్నటిదా ఇవాళటిదా అన్నది ఎవరు ఏ రోజు ఇంట్లో ఉన్నారో చెప్పే సాక్ష్యం.

షూటింగు

స్క్రిప్టు పేజీ ఒకటి సుమారు ఒక నిమిషం. 90 పేజీలు, 12 రోజులు, రోజుకు ఏడున్నర పేజీలు. ఇంటికి 7 రోజులు, గుంటలకు 3, ఆఫీసు, మందుల షాపు, రోడ్డు కలిపి 2. ఇంట్లో రాత్రి సీన్లు పగలే తీయండి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి. ఒక కిటికీ మాత్రం సన్నటి సందుతో వదిలి బయట నుంచి చిన్న లైటు కొట్టండి, లేదంటే గది ఎటూ కాని చీకటిగా ఉంటుంది.

గుంటల దగ్గర రైతు పంట ఉండగా రాత్రి ఏరేటర్లు ఆపమని ఎట్టి పరిస్థితుల్లోనూ అడగొద్దు, పైన చెప్పిన నష్టం నిజంగా జరుగుతుంది. పట్టుబడి అయిపోయి నీళ్ళున్న గుంట దొరికితే అన్నిటికంటే మంచిది. తిరుగుతున్న ఏరేటర్ పక్కన సంభాషణ రికార్డు కాదు. మాటలు ఆగివున్న గుంట దగ్గర తీసి, ఏరేటర్ హోరు విడిగా మూడు దూరాల నుంచి, ఒక్కోటి రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. రొయ్యల చప్పుడు పట్టుబడి జరుగుతున్న చోట దొరుకుతుంది. గట్టు మీద తీగలు తడినేల మీద పోనివ్వకండి, ఎలక్ట్రీషియన్ లేకుండా లైటు పెట్టకండి. డ్రోను ఎగరేసే ముందు, ఎక్కడ ఎగరవచ్చో రంగుల జోన్లతో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడాలి. కృష్ణపట్నం ఓడరేవు, శ్రీహరికోట వైపు వెళ్ళేవాళ్ళు ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. ఎరుపు జోనులో అనుమతి లేకుండా పైకి లేపితే డ్రోనూ పోతుంది, షూటింగూ ఆగుతుంది.

ఎడిటింగు అయ్యాక సినిమాను పది మందికి, సినిమా పనితో సంబంధం లేనివాళ్ళకు చూపించండి. నాలుగో బ్రేకు దగ్గర, అంటే 59వ నిమిషంలో ఆపి ఒకే ప్రశ్న అడగండి: పద్మ ఇంకా ఆ ఇంట్లో ఎందుకుంది? జవాబులు ఒక్కటిగా వస్తే సరే. 'సినిమా గనక' అన్నవాళ్ళు ముగ్గురుంటే రెండో ముక్కకు తిరిగి వెళ్ళండి, తప్పు అక్కడ ఉంటుంది. ఆమెను ఆపుతున్న బాధ్యత, అప్పు, పట్టుబడి తారీఖు అక్కడ గట్టిగా నాటలేదన్నమాట. ఈ ఆట మామూలు టీవీలో, దాని సొంత స్పీకర్లతో, సీలింగు ఫ్యాను అయిదు మీద పెట్టి వేయండి. గుసగుసగా చెప్పిన మాట ఆ ఫ్యాను కింద వినబడకపోతే నటులను పిలిపించి ఆ లైన్లు కాస్త గట్టిగా మళ్ళీ డబ్బింగు చెప్పించండి. వెనక సంగీతం తగ్గించి మాత్రమే సరిపెట్టుకుంటే ఆ సీనులో గాలి పోతుంది.